ముఖశౌచం: భద్రాద్రి అరణ్యపు నాలుగు వృక్షాలు

ఐతరేయోపనిషత్తు సృష్టిక్రమాన్ని వర్ణిస్తూ, విరాట్ పురుషునికి మొట్టమొదట ఏర్పడిన ద్వారం ముఖమని తెలియజేస్తున్నది. ఆ ముఖం నుండి వాక్కు, వాక్కు నుండి అగ్ని ఉద్భవించాయని అందులోని క్రమం. అన్నం లోనికి ప్రవేశించేదీ, మంత్రం బయటికి వెలువడేదీ ఒకే ద్వారం నుండి. ఈ కారణంగానే మన పూర్వులు దంతధావనాన్ని స్నానానికీ సంధ్యావందనానికీ ముందే నిలిపి, దానిని నిత్యవిధులలో ఒకటిగా నియమించారు. ఆ విధి ఎట్లా ఏర్పడినది? శతాబ్దాల తరువాత వచ్చిన దంతవిజ్ఞానం దానిలో దేనిని సమర్థించినది, దేనిని సవరించినది? ఈ ప్రశ్నలను విచారించడానికి ఖమ్మం, భద్రాచలం అరణ్యసీమ కంటే తగిన స్థలం మరొకటి లేదు. శాస్త్రం పేర్కొన్న వృక్షాలు అక్కడ నేటికీ ఉన్నాయి గనుక.

సుశ్రుతాచార్యుడు చికిత్సాస్థానంలో దినచర్యను వివరిస్తూ, దంతధావనానికి నాలుగు రసాలలో నాలుగు శ్రేష్ఠ వృక్షాలను ఎన్నుకున్నాడు. తిక్తరసంలో నింబం, కషాయంలో ఖదిరం, మధురంలో మధూకం, కటువులో కరంజం ఉత్తమమన్నాడు. తెనుగులో ఇవి వరుసగా వేప, చండ్ర, ఇప్ప, కానుగ. పాల్వంచ దాటి గోదావరి వైపు సాగే యాత్రికునికి ఈ నాలుగూ అపరిచితమైనవి కావు. ఊరి ముంగిట వేప, ఎండిన గుట్టలపై చండ్ర, వాగుల ఒడ్డున కానుగ, అడవి లోపల ఇప్ప. కోయలకు ఇప్ప పూజనీయ వృక్షం. ఫాల్గుణ చైత్రాలలో, అనగా భద్రాద్రిలో సీతారామకల్యాణానికి సన్నాహాలు జరిగే దినాలలోనే, ఇప్పపూలు రాలి అడవి అంతా పరిమళిస్తుంది. ఆచార్యుడు మధురరసంలో శ్రేష్ఠమన్నది ఆ వృక్షాన్నే.

దంతకాష్ఠానికి లక్షణాన్ని కూడా సుశ్రుతుడు నిర్దేశించాడు. పన్నెండు అంగుళాల పొడవు, చిటికెన వ్రేలంత మందం ఉండవలెను. కణుపులు, తొర్రలు ఉండరాదు. మంచి నేలలో పుట్టిన చెట్టుదై ఉండవలెను. ఇక్కడ అంగుళమనగా వ్రేలి వెడల్పు, నేటి కొలబద్ద మీది అంగుళం కాదు. చరకాచార్యుడు దినానికి రెండు వేళలా తోమవలెనన్నాడు. పుల్ల కొనను నలగగొట్టి కుంచెవలె చేసి, చిగుళ్ళను నొప్పించకుండా వాడవలెనని ప్రత్యేకంగా హెచ్చరించాడు. నోటిపూత, దగ్గు, వాంతులు, అజీర్ణం వంటి బాధలున్నవారు పుల్లను వాడరాదని నిషేధం కూడా ఉన్నది. విధితో పాటు మినహాయింపును చెప్పడం శాస్త్రలక్షణం.

ధర్మశాస్త్రకారులు దీనికి మరొక సంయమాన్ని జోడించారు. పుల్లను విరిచే ముందు వనస్పతిని ప్రార్థించి ఆయుస్సును, బలాన్ని, తేజస్సును, మేధను అర్థించవలెను. అమావాస్య వంటి కొన్ని తిథులలోనూ, ఉపవాస, శ్రాద్ధ దినాలలోనూ పుల్ల విరవరాదు. అప్పుడు పన్నెండు మారులు నీటితో పుక్కిలించి ముఖశుద్ధి చేసుకొనవలెను. చెట్టు వద్ద చేయి చాచేవాడు యాచకునివలె నిలవవలెనన్న భావం ఇందులో ఇమిడి ఉన్నది.

వేదాధ్యయనానికీ దంతాలకూ గల సంబంధం మరింత సూక్ష్మమైనది. పాణినీయ శిక్ష వర్ణాలకు ఎనిమిది స్థానాలను చెప్పి, వాటిలో దంతాలను ఒకటిగా లెక్కించినది. తవర్గం పలికేది అక్కడే. ముందుపళ్ళు కోల్పోయిన అధ్యాపకుని నోట తకార దకారాలు ఎంత ప్రయాసపడతాయో పాఠశాలలో చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసినదే. నారదీయ శిక్ష ఈ విషయాన్ని నేరుగా ఉపదేశించినది. ప్రాతఃకాలంలో లేచి, మౌనంగా, మామిడి, మోదుగ, మారేడు, ఉత్తరేణి, దిరిసెన పుల్లలతో దంతధావనం చేయవలెనని, దానివలన ఉచ్చారణకు సూక్ష్మత, కంఠానికి మాధుర్యం కలుగుతాయని చెప్పినది. సంగీతానికీ సామగానానికీ లక్షణం చెప్పే గ్రంథం పలుదోము పుల్లను కూడా విధించిందంటే, మన పెద్దలు నోటి ఆరోగ్యాన్ని విద్యకు అంగంగా భావించారని స్పష్టమగుచున్నది.

ఈ ఆచారం వైదికులకే పరిమితం కాలేదు. ఖమ్మం జిల్లాలో నేలకొండపల్లి, కంచర్ల గోపన్న పుట్టిన ఊరు, ప్రాచీన బౌద్ధ స్తూపావశేషాలకు కూడా నెలవు. బౌద్ధ వినయగ్రంథమైన చుల్లవగ్గం భిక్షువులకు దంతకాష్ఠాన్ని అనుమతిస్తూ, దానిని నమలకపోతే నోరు దుర్వాసన వేస్తుందనీ, రుచి తెలియదనీ, అన్నం సయించదనీ దోషాలను లెక్కించినది. పుల్ల ఎనిమిది వ్రేళ్ళ వెడల్పుకు మించరాదని, నాలుగుకు తగ్గరాదని కొలత కూడా పెట్టినది. ఏడవ శతాబ్దంలో భారతదేశంలో నివసించిన చీనా భిక్షువు ఇత్సింగ్, ఇక్కడివారు ప్రతి ఉదయం పుల్లతో పళ్ళు తోమి నాలుకను గీసుకొనే పద్ధతిని తన గ్రంథంలో ఒక ప్రత్యేక ప్రకరణంగా వ్రాసి స్వదేశీయులకు బోధించాడు. మతాలు వేరైనా పుల్ల ఒక్కటే అయినది.

రోగవిచారణలోనూ మన ఆచార్యులు వెనుకబడలేదు. సుశ్రుతుడు నిదానస్థానంలో 65 ముఖరోగాలను స్థానభేదంతో వర్గీకరించాడు. వాటిలో 15 దంతమూలాలవి, 8 దంతాలవి. పళ్ళ కంటే చిగుళ్ళకు ఎక్కువ రోగాలను లెక్కించిన ఆ దృష్టి గమనింపదగినది. అంతకు ఎంతో ముందే, నేటి బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ వాసులు చెకుముకి రాతి మొనలతో సజీవుల పళ్ళకు రంధ్రాలు తొలిచిన ఆధారాలు లభించాయి. తొమ్మిది మందికి చెందిన పదకొండు పళ్ళలో ఆ గుర్తులున్నవని 2006లో పరిశోధకులు ప్రకటించారు. అవి 7,500 నుండి 9,000 సంవత్సరాల నాటివి.

అయితే ఒక విషయంలో ప్రాచీనుల ఊహ సవరణకు లోనయినది. పిప్పిపన్నుకు సుశ్రుతుడు పెట్టిన పేరు కృమిదంతం. పంటిలో పురుగు చేరి తొలుస్తుందన్న నమ్మకం బాబిలోనియాలోనూ చీనాలోనూ ఉండినది. మన పల్లెలలో పంటిపురుగు తీస్తామని తిరిగేవారి వృత్తి దానిమీదే సాగినది. 1683లో హాలండ్ దేశస్థుడు లీవెన్‌హుక్ తన పళ్ళ పాచిని సూక్ష్మదర్శినిలో చూసి, కదలాడే అతిసూక్ష్మ జీవులను వర్ణించాడు. 1890లో మిల్లర్ అనే దంతవైద్యుడు, ఆ జీవులు పిండిపదార్థాలను, చక్కెరను ఆమ్లంగా మార్చి పంటి గట్టిదనాన్ని కరిగిస్తాయని సిద్ధాంతీకరించాడు. 1924లో క్లార్క్ పుచ్చిన పళ్ళ నుండి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే సూక్ష్మజీవిని వేరుచేశాడు. కృమి అన్న పదం నిలిచినది, దాని అర్థం మారినది. కంటికి కనబడే పురుగు లేదు; కనబడని జీవరాశి ఉన్నది. నేటి లెక్కలో మానవుల నోళ్ళలో గుర్తించిన సూక్ష్మజీవ జాతులు 700 దాటినవి. వాటిలో పెక్కు నిరపాయకరములు, కొన్ని హితకరములు కూడా.

ఈ వెలుగులో పాత విధులను తిరిగి చూడవలెను. పాచి అనగా పంటిపై అల్లుకొన్న జీవుల పొర. దానిని దినానికి రెండు మారులు యాంత్రికంగా తొలగించడమే నేటి దంతవైద్యానికి మూలసూత్రం. చరకుని రెండు వేళల నియమం దానితో ఏకీభవిస్తున్నది. గట్టిగా రుద్దితే చిగుళ్ళు క్రిందికి జారి పంటి మూలం బయటపడుతుందని దంతవైద్యులు హెచ్చరిస్తున్నారు. చిగుళ్ళను నొప్పించరాదన్న వాక్యం అదే. నోటి దుర్వాసనకు ప్రధాన స్థానం నాలుక వెనుకభాగమని తేలినది. బంగారు, వెండి, రాగి నాలుకబద్దలను చరకుడు చెప్పియే ఉన్నాడు. చక్కెర తిన్న ప్రతిసారీ నోటిలో ఆమ్లత పెరిగి, లాలాజలం దానిని సరిదిద్దడానికి అర్ధగంట నుండి గంట వరకు పడుతుందని 1940ల నాటి స్టీఫన్ పరిశోధన చూపినది. కాబట్టి తీపి ఎంత తిన్నామన్నదానితో పాటు ఎన్నిమార్లు తిన్నామన్నది కూడా ముఖ్యం. పానకమైనా ప్రసాదమైనా స్వీకరించిన పిదప నీటితో పుక్కిలించే ఆచారానికి ఇందులో సార్థకత కనబడుతున్నది.

సమర్థన ఉన్నచోట సమర్థనను, లోపమున్నచోట లోపాన్ని అంగీకరించడం సత్యవ్రతుల లక్షణం. వేప రసం పాచిలోని జీవులను నిరోధిస్తుందని ప్రయోగశాలలలో తెలిసినది. అయినా పుల్ల లోపలి వైపు పళ్ళను, పళ్ళ సందులను చేరడం కష్టం. పుల్లతో తోమడం నేర్పుతో చేయకపోతే చిగురు గాయపడుతుంది. నూనెను పుక్కిట పట్టే గండూషంపై కొన్ని చిన్న పరిశోధనలు పాచి తగ్గినట్లు చూపినవి. అది తోముకొనడానికి ప్రత్యామ్నాయం కాదు. చరకుడు చెప్పిన వృక్షాలలో గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నవి. ఆ రెండూ విషస్వభావం కలవి. వాటిని నేడు ఎవరూ నోట పెట్టుకొనరాదు. పూర్వాచార్యులపై గౌరవం విషాన్ని అమృతంగా మార్చజాలదు.

ఫ్లోరైడు చరిత్ర ఈ వివేకానికి మరొక దృష్టాంతం. తగుమాత్రంలో అది పంటి పైపొరను గట్టిపరచి పుచ్చును అడ్డగిస్తుంది. ఫ్లోరైడు గల పేస్టు వాడిన బాలలలో పుచ్చు సుమారు నాలుగవ వంతు తగ్గుతుందని 2003లో ప్రకటితమైన సమగ్ర సమీక్ష తేల్చినది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చినది. అదే ఫ్లోరైడు త్రాగునీటిలో మితిమీరితే పళ్ళపై గోధుమరంగు మచ్చలు, ఆపై ఎముకల వంకరలు. ఈ వ్యాధిని మన దేశంలో తొలిగా వివరించినది తెలుగు నేల నుండియే: 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాలలో పరిశీలించి ప్రకటించారు. తరువాత నల్లగొండ జిల్లా బాధ లోకవిదితమైనది. పటిక, సున్నం కలిపి నీటి నుండి ఫ్లోరైడును తొలగించే పద్ధతికి 1970ల దశకంలో నల్లగొండ పేరే స్థిరపడినది. ఒకే పదార్థం మాత్రను బట్టి ఔషధమో విషమో అగునన్న ఆయుర్వేద సూత్రానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. బోరుబావి నీటిని పరీక్షింపజేసి త్రాగడం, పసిపిల్లలకు బియ్యపుగింజంత పేస్టు మాత్రమే పెట్టడం గృహస్థులు పాటించదగినవి.

ఇటీవలి పరిశోధన నోటిని శరీరం నుండి వేరుచేసి చూడడం మానినది. చిగుళ్ళ వ్యాధికీ మధుమేహానికీ పరస్పర సంబంధం ఉన్నది: ఒకటి ముదిరితే రెండవది ముదురుతుంది. చిగుళ్ళకు చికిత్స చేస్తే మూడు, నాలుగు నెలలలో దీర్ఘకాల రక్తచక్కెర సూచిక సుమారు 0.4 శాతం తగ్గుతుందని 2022 నాటి సమీక్ష తెలిపినది. హృద్రోగంతోనూ, మతిమరుపు వ్యాధితోనూ గల సంబంధాలపై విచారణ ఇంకా సాగుచున్నది. వాటిని సిద్ధాంతాలుగా చాటడం తొందరపాటు అగును. ప్రపంచంలో సుమారు 350 కోట్ల మంది ఏదో ఒక నోటివ్యాధితో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక పేర్కొన్నది.

ఈ మహాసంఖ్య వెనుక అరణ్యసీమ ముఖాలు కూడా ఉన్నవి. ఖమ్మం నగరంలో దంతవైద్య కళాశాల ఉన్నది. అడవిలోని గూడేనికి మాత్రం ఆ దూరం పెద్దది. పనిదినం కోల్పోయి బస్సెక్కవలెను. నొప్పి భరించరానిదయ్యే వరకు ఓర్చి, చివరకు పన్ను పీకించుకొనడమే అనేకుల గతి. ఆ లోపల వేపపుల్ల స్థానంలోకి పొగాకు వచ్చి చేరినది. పొగాకు కలిసిన పళ్ళపొడి, పేస్టులను కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించినది; అయినా పొగాకు నమలడం, చుట్ట కాల్చడం ఆగలేదు. చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టుకొని పీల్చే అడ్డపొగ అలవాటుపై శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించిన పరిశోధన 1971లో వెలువడినది. ఆ వేడికి, పొగకు అంగిలిపై కలిగే వికారాలను అది లోకానికి తెలిపినది. మంత్రోచ్చారణకు స్థానమైన తాలువు క్యాన్సరుకు స్థానమగుట కంటే శోచనీయమేమున్నది?

శౌచాన్ని పతంజలి నియమాలలో మొదటిదిగా చెప్పాడు. అది తనకొక్కనికే పరిమితమైతే అసంపూర్ణం. భద్రాద్రికి వచ్చే భక్తుడు గోదావరిలో స్నానమాడి స్వామిని దర్శించి వెళ్ళిపోతాడు. మార్గంలోని ఇప్పచెట్టును, దాని నీడన పొగాకు నములుతూ కూర్చున్న వృద్ధుని, మిఠాయి చీకుతున్న బాలుని ఒక్కక్షణం చూడగలిగితే, ముఖశౌచమనే చిన్న విధి ఎంత పెద్ద ధర్మమో బోధపడుతుంది. ఇంటి పిల్లలకు రెండు పూటలా తోముకొనడం నేర్పడం, పొగాకు మానుమని పెద్దలను వేడుకొనడం, నోటిలో మానని పుండు రెండు వారాలు దాటితే వైద్యుని వద్దకు తీసుకొనిపోవడం, పుల్లనిచ్చే నాలుగు చెట్లలో ఒకదానిని నాటి పెంచడం: ఇవి ఏ ఖర్చూ లేని, లేదా అల్పమైన ఖర్చుతో సాధ్యమయ్యే సేవలు.

సుశ్రుతుని నాలుగు వృక్షాలు అడవిలో ఇంకా నిలిచే ఉన్నవి. వాటి పక్కన కుంచె, పేస్టు, సూక్ష్మదర్శిని వచ్చి నిలిచినవి. వీటిలో దేనినీ త్రోసిపుచ్చవలసిన అవసరం సాధకునికి లేదు. భగవన్నామం పలికే నోరు శుభ్రంగా, నొప్పి లేకుండా ఉండవలెనన్నదే రెండింటి ఆశయం. స్వస్తి.