మా ఇంట్లో మూడు డిప్లొమాలు

సునాబెడలో స్థిరపడ్డ తెలుగు ఇళ్ళల్లో చాలాచోట్ల పాత ట్రంకుపెట్టె తీస్తే అడుగున ఒక పాలిటెక్నిక్ సర్టిఫికెట్ ఉంటుంది. మా ఇంట్లో మూడు ఉన్నాయి. పదో తరగతి పిల్లలున్న చుట్టాలు ఈమధ్య ఫోన్ చేసి, “పాలిటెక్నిక్‌లో వేస్తే చదువు అక్కడితో ఆగిపోదు కదా?” అని అడుగుతున్నారు. అందుకని మా ఊరి సంగతీ మా ఇంటి సంగతీ కలిపి రాస్తున్నాం.

ఈ కొండలు మనవాళ్ళకి కొత్తవి కావు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా కొరాపుట్ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో ఉండేది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. అక్కడి సైన్సు కళాశాలకి ఆయన పేరే పెట్టారు. మన పిల్లలు విశాఖ వెళ్ళి చదువుకున్న చదువుల్లో ఈ కొండల సొమ్ము కూడా ఉందన్నమాట.

1964లో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ సంస్థ ఏర్పడింది. మిగ్-21 విమానం పని మూడు ఊళ్ళకి పంచారు. విమానం ఒళ్ళు నాసిక్‌లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాదులో, ఇంజను మా సునాబెడలో. ఇంజను పనికి లేతు, మిల్లింగు తెలిసినవాళ్ళు, డ్రాయింగు చదవగలవాళ్ళు, మైక్రోమీటరు మీద చెయ్యి నిలిచినవాళ్ళు కావాలి. ఆ పని పాలిటెక్నిక్ కుర్రాళ్ళకి బాగా వచ్చు. మా తాతయ్య అలాగే వచ్చారు. 1946లో మొదలైన కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్‌లో ఎల్.ఎం.ఇ. చదివి, సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కి, ఒక పెట్టె, ఒక పరుపుచుట్ట పట్టుకుని దిగారు.

కొలువు బాగానే సాగింది. కానీ మా అత్తయ్య పెళ్ళిమాటలప్పుడు వచ్చిన పెద్దాయన ఒకరు, “డిప్లొమాయేనా, ఇంజినీరు కాదా?” అన్నారట. తాతయ్య ఏమీ అనలేదు. పక్కగదిలో ఉన్న మా నాన్న ఆ మాట విన్నారు.

నాన్నది కూడా డిప్లొమాయే. అప్పటికే ఉద్యోగంలో ఉన్నారు. ఆ రోజుల్లో ఉద్యోగం వదలకుండా పైకి చదవాలంటే ఉన్న గట్టి దారి ఎ.ఎం.ఐ.ఇ. 1920లో పుట్టి, 1935లో రాయల్ చార్టర్ పొందిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ ఆ పరీక్ష పెట్టేది. సెక్షన్ ఎ, సెక్షన్ బి రెండూ గట్టెక్కితే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి ఇంజినీరింగ్ డిగ్రీతో సమానం. కాలేజీ ఉండదు, మేష్టారు ఉండరు. షిఫ్టు దిగి వచ్చి, సునాబెడ చలిలో దుప్పటి కప్పుకుని, మంచం మీద డ్రాయింగు బోర్డు పెట్టుకుని నాన్న చదివారు. లెక్కల్లో రెండుసార్లు తప్పారు. మొత్తం ఆరేళ్ళు పట్టింది. ఆ తరవాత గేట్ రాసి, సెలవు పెట్టి, విశాఖలో ఎం.టెక్. చేశారు. స్నాతకోత్సవానికి తాతయ్య కొత్త పంచె కట్టుకుని వచ్చారు. తిరుగు ప్రయాణంలో పట్టా నాన్న చేతికి ఇవ్వలేదు, సుంకి ఘాటీ ఎక్కేదాకా ఒళ్ళోనే పెట్టుకున్నారు.

ఇప్పుడు ఆ దారి లేదు. 2013 మే 31 తరవాత చేరినవాళ్ళ ఎ.ఎం.ఐ.ఇ.కి డిగ్రీతో సమానమన్న గుర్తింపు ఆగిపోయింది. ఇప్పుడున్నది లేటరల్ ఎంట్రీ. డిప్లొమా పూర్తిచేసి పోటీపరీక్ష రాస్తే బి.టెక్. రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. ఆంధ్రాలో దాని పేరు ఈసెట్. మొత్తం 200 మార్కులు: లెక్కలు 50, ఫిజిక్సు 25, కెమిస్ట్రీ 25, చదివిన బ్రాంచి 100. ఒడిశాలో అయితే ఓజేఈఈ ద్వారా.

మా చెల్లి డిప్లొమా ఒడిశాలోనే చదివి ఆ దారిన వెళ్ళింది. చేరీచేరగానే మూడో సెమిస్టరు. ఇంటరు చదివి వచ్చినవాళ్ళకి కాలిక్యులస్ నోటికి వచ్చు, దీనికి కొత్త. లెక్కలు ఒకసారి పోయాయి. కానీ ల్యాబులో అడుగుపెడితే క్లాసంతా దీని చుట్టూనే. ఇవాళ ఒక యూనివర్సిటీలో పాఠాలు చెబుతోంది.

మనలాంటి బయటి రాష్ట్రాల తెలుగువాళ్ళు ఒక విషయం ముందే చూసుకోవాలి. ఆంధ్రాలో 85 శాతం సీట్లు స్థానికులకే. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన మన పిల్లలు అక్కడ లోకల్ అయిపోరు. ఏ రాష్ట్రంలో డిప్లొమా చదివించాలో, పైచదువు ఎక్కడో పదో తరగతిలోనే ఆలోచించండి. డిప్లొమా మూడేళ్ళూ లెక్కల పుస్తకం మాత్రం మూయనివ్వకండి. మా ఇంట్లో ఇద్దరూ తడబడ్డది అక్కడే.

తాతయ్య వచ్చిననాడు ఈ కొండమీద యూనివర్సిటీ లేదు. 2009లో ఏర్పడ్డ ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం ఇప్పుడు మా సునాబెడలోనే ఉంది. ఆ మూడు సర్టిఫికెట్లూ ఒకే కవరులో పెట్టి దాచాం. అన్నిటికంటే పైన తాతయ్య ఎల్.ఎం.ఇ. ఉంది.