రోజుకో రూపాయి కోత

1981. మరుసటి ఏడాది నవంబరులో ఆసియా క్రీడలు. ఢిల్లీలో స్టేడియాలు, ఫ్లైఓవర్లు ఆగమేఘాల మీద లేస్తున్నాయి. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఒరిస్సా పల్లెల నుంచి తెచ్చిన కూలీలు పొద్దస్తమానం తట్టలు మోస్తున్నారు. సాయంత్రం కూలి పంచేవాడు జమాదారు. మన పాలమూరు వలసల్లో గుంపు మేస్త్రీ లాంటివాడు.

"తొమ్మిది రూపాయల పావలా కదయ్యా, ఎనిమిదింపావలాయే ఇచ్చావేం?"

"నిన్నిక్కడికి తెచ్చిందెవరు? ఆ రూపాయి నాది."

"నాకు ఏడేనా?" వెనక నుంచి ఓ ఆడకూలీ.

"ఆడకూలి అంతే. జరుగు."

ఈ మాటలు నా ఊహ. అంకెలు మాత్రం సుప్రీంకోర్టు ముందుకు వచ్చినవే.

పౌరహక్కుల సంఘం పీయూడీఆర్ తరఫున ముగ్గురు ఆ పనిచోట్లు తిరిగి నివేదిక రాశారు. దాన్ని జతచేసి సంఘం జస్టిస్ పి.ఎన్. భగవతికి ఉత్తరం పంపింది. కోర్టు ఆ ఉత్తరాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుంది. వాళ్లు కాంట్రాక్టర్ల కూలీలు, మాకేం సంబంధమని సర్కారు వాదన. సర్కారే ఇలా తప్పుకోజూడటం నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది.

1982 సెప్టెంబరు 18న జస్టిస్ భగవతి, జస్టిస్ బహరుల్ ఇస్లాం తీర్పు చెప్పారు. కత్తి చూపి పని చేయించుకుంటేనే బలవంతం కాదు. ఆకలి కూడా మనిషిని బలవంతపెడుతుంది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే. జమాదారు కోత లేకుండా కూలి నేరుగా కూలీ చేతికే అందాలి. కాంట్రాక్టరు పేరు చెప్పి ప్రభుత్వం తప్పుకోలేదు. కార్మిక చట్టాలు మీరినవారిని రెండొందల జరిమానాతో వదిలేస్తున్న మేజిస్ట్రేట్లనూ కోర్టు తప్పుబట్టింది.

ఇవాళ మీ కూలిలో ఇలా కోత పెడితే, 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం ఆ బకాయి కోసం మూడేళ్లలోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. యూనియన్ కూడా మీ తరఫున పెట్టవచ్చు. బకాయితో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం ఇప్పించే అధికారం దరఖాస్తు వినే అధికారికి ఉంది. కూలి ఇచ్చేశామని రుజువు చేసుకోవాల్సింది యజమానే. అయినా పని చేసిన రోజులు, మేస్త్రీ పేరు, సైటు పేరు ఓ నోటుబుక్కులో రాసిపెట్టుకోండి, కార్మిక శాఖ ఆఫీసులో పనికొస్తాయి.

ఇల్లు కట్టిస్తున్నవారికి ఒక మనవి: మేస్త్రీకి డబ్బిచ్చి చేతులు దులుపుకోకండి. కూలీ చేతికి ఎంత ముట్టిందో కూలీనే అడగండి.