బీల కోసం నిలబడిన సోంపేట

2010 జూలై 14న శ్రీకాకుళం జిల్లా సోంపేటలో రైతులు, మత్స్యకారులు తుపాకులకు ఎదురు నిలిచారు. మన పూతలపట్టుకు సోంపేట రాష్ట్రంలో ఆ కొసన ఉంది. అయినా చెరువు నీళ్లతో బతికిన మన పల్లెలకు ఆ గోడు పరాయిది కాదు.

విజయనగర రాజుల కాలానికే మన సీమలో గొలుసుకట్టు చెరువులున్నాయి. తూములనూ మరవలనూ ఊరంతా కలిసి కాపాడుకునేది. తెల్లదొరల పాలనలో 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అడవి మీద, 1894 నాటి భూసేకరణ చట్టం నేల మీద సర్కారుకు పెత్తనం ఇచ్చాయి. అడవిలో పశువుల మేతకు వేసే పుల్లరి పన్ను కట్టనన్న కన్నెగంటి హనుమంతు 1922లో పల్నాట నేలకొరిగాడు. అదే ఏడు మన్యంలో అల్లూరి తిరగబడ్డాడు. స్వాతంత్ర్యం వచ్చాక శ్రీశైలం జలాశయం పదుల కొద్దీ ఊళ్లను ముంచింది.

ఇక సోంపేట. తూర్పు కనుమల నుంచి దిగే వాన నీరు సముద్రంలో కలిసే ముందు బీల అనే చిత్తడి నేలలో నిలుస్తుంది. ఆ నీటితో వరి పండుతుంది, చేపలు దొరుకుతాయి, పశువులకు మేత దొరుకుతుంది. అంతటి నేల కాగితాల్లో బంజరైంది. నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి అనుమతి పొందింది. డాక్టర్ వై. కృష్ణమూర్తి వంటివారు ముందుండగా పర్యావరణ పరిరక్షణ సమితి కట్టి జనం దీక్షలకు కూర్చున్నారు. మాజీ ఐఏఎస్ అధికారి ఈఏఎస్ శర్మ అండగా నిలిచారు. పోలీసుల కాపలాతో పనులు మొదలుపెట్టబోతే ఆడా మగా అడ్డం వెళ్లారు. కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. ప్రాణాలు పోయిన రోజే న్యాయం గెలిచింది. ఆ తర్వాత కూడా భూకేటాయింపు రద్దు కావాలని ఏళ్ల తరబడి దీక్షలు సాగాయి. విద్యుత్ కేంద్రం రాలేదు. బీల మిగిలింది.

తర్వాతి కథ ఒక దారిన సాగలేదు. 2011 ఫిబ్రవరి 28న అదే జిల్లాలోని కాకరాపల్లిలో, మరో విద్యుత్ కేంద్రంపై పోరాటంలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. 2013 భూసేకరణ చట్టం ప్రైవేటు ప్రాజెక్టుకు 80 శాతం కుటుంబాల సమ్మతి ఉండాలంది. 2018లో మన రాష్ట్రం ఆ చట్టాన్ని సవరించి సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపులు తెచ్చింది. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాల ప్రతిపాదనపై జనం గొంతెత్తారు.

మీ ఊరికి పెద్ద ప్రాజెక్టు వస్తే, 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన రావాలి, నివేదిక సారాంశం తెలుగులో అందాలి. అడిగి తీసుకోండి. మీ చెరువు, మీ పోరంబోకు అందులో ఏమని రాసి ఉందో చదవండి. తప్పుంటే ఆ సభలోనే లేచి చెప్పి, రాతలో నమోదు చేయించండి.