వేపగింజలో మన మాటలు

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా రోడ్డు పొడుగునా, చేల గట్లమీదా వేపచెట్లకు కొదవ లేదు. రాలిన గింజలు ఏరి అమ్ముకునే కుటుంబాలు మనలోనూ ఉన్నాయి. గజ్జికీ, పేలకూ వేపనూనె రాయడం మన నానీమాలు ఎరిగిన వైద్యమే. అయితే ఆ చేదులో ఉన్న పదార్థమేది? దీన్ని స్ఫటికాలుగా తీసి చూపినవారు డాక్టర్ సలీముజ్జమాన్ సిద్దీఖీ గారు.

ఈయన 1897లో బారాబంకీ జిల్లాలో పుట్టి, 1927లో జర్మనీలో డాక్టరేటు పొందినారు. హకీం అజ్మల్ ఖాన్ సాహెబ్ కోరిక మేరకు ఢిల్లీ తిబ్బియా కాలేజీలో పరిశోధన మొదలుపెట్టేనాటికి హకీం సాహెబ్ కన్నుమూసినారు. 1931లో సర్పగంధ వేరు నుంచి తీసిన ఒక పదార్థానికి ఆ పెద్దాయన పేరే పెట్టి 'అజ్మలీన్' అన్నారు. గుండె లయ తప్పినప్పుడు వాడే మందు అది. వేరు సంగతి అటుంచి విత్తుకు వద్దాం.

1942లో ఆయన వేపనూనెను ఈథరు, పెట్రోలియం ఈథరు, ఇథైల్ ఎసిటేటు, నీళ్ళు కలిపిన ఆల్కహాలు - వీటితో ఒకదాని తర్వాత ఒకటి కడిగి చూసినారు. ఒకదానిలో కరిగేది మరొకదానిలో కరగదు. కిటుకంతా అక్కడే ఉంది. అలా నూనె ఒక దారి, చేదు ఒక దారి పట్టగా నింబిన్, నింబినిన్, నింబిడిన్ బయటపడినాయి. మూడింటిలోనూ ఉన్నది మన 'నీం' మాటే. నింబిన్ అణువు నిర్మాణం తేలేసరికి 1960లు వచ్చినాయి! ఆయన 1951లో పాకిస్తాన్ వెళ్ళిపోయినారు.

సుమారు అదే కాలంలో మన వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, టి.ఆర్. శేషాద్రి, ఎస్. రంగస్వామి గార్లు కానుగ గింజల నూనె నుంచి 'పొంగమాల్' తీసినారు. కానుగను తమిళులు పుంగం అంటారు, ఆ పేరు అట్లా వచ్చింది.

1968లో ఇంగ్లండులోని కీల్‌లో బటర్‌వర్త్, మోర్గన్ అనేవారు వేపగింజల నుంచే 'అజాడిరాక్టిన్' వేరుచేసినారు. అది పూసిన ఆకును ఎడారి మిడత ముట్టదు. సైన్సు మన ఇంటి మాట గాదని హైస్కూలులోనే చదువు మానే ఉర్దూ మీడియం పిల్లలను మేము ఏటా చూస్తున్నాము. ఈ పేరును వాళ్ళచేత మెల్లగా పలికించండి: ఆజాద్ దరఖ్త్! ఫారసీలో స్వేచ్ఛావృక్షం. తర్జుమా వాళ్ళే చెప్పేస్తారు.

ఈ పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేయడానికి కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందానికి 22 ఏళ్ళు పట్టింది. 2007లో, 71 మెట్లలో, పని పూర్తయింది. బజారులో అమ్మే పురుగుమందుకు మాత్రం ఇప్పటికీ వేపగింజల నుంచే తీస్తారు.