షెల్టర్‌బాక్స్

ప్రకృతి వైపరీత్యాల్లోనూ యుద్ధాల్లోనూ ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాలకు తాత్కాలిక నివాసం, ఇంటి సామాను అందించే బ్రిటిష్ స్వచ్ఛంద సంస్థ షెల్టర్‌బాక్స్. ఇంగ్లండుకు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో హెల్‌స్టన్-లిజర్డ్ రోటరీ క్లబ్బు 2000లో తలకెత్తుకున్న పనిగా ఇది మొదలైంది. ఈ సంస్థ పెట్టెలు మొట్టమొదట చేరింది మన దేశానికే.

ఊరు, క్లబ్బు

హెల్‌స్టన్ చిన్న పట్టణం. దానికి దక్షిణాన సముద్రంలోకి చొచ్చుకుపోయిన లిజర్డ్ ద్వీపకల్పం ఉంది. బ్రిటన్ ప్రధాన భూభాగానికి దక్షిణపు చివర అదే. పక్కనే కల్‌డ్రోజ్ నౌకాదళ హెలికాప్టర్ స్థావరం. ఓడలు రాళ్లకు కొట్టుకుని మునిగిపోవడం ఈ తీరంలో తరతరాలుగా ఎరిగినదే. సముద్రంలో చిక్కుకున్నవారిని కాపాడే లైఫ్‌బోటు సంస్థ 1824లో పుట్టింది, నేటికీ ప్రధానంగా జనం ఇచ్చే విరాళాల మీదే నడుస్తోంది. ముక్కూమొహం తెలియనివారి కోసం చందాలు పోగుచేయడం ఇక్కడివారికి కొత్త కాదు.

1905లో షికాగోలో పాల్ హారిస్ మొదలుపెట్టిన రోటరీలో ఏ సేవ చేపట్టాలో ప్రతి క్లబ్బూ తనకు తానే నిర్ణయించుకోవచ్చు. తెలుగు ఊళ్లలో రోటరీ అంటే కంటి శిబిరాలు, పోలియో చుక్కలు గుర్తొస్తాయి. హెల్‌స్టన్ క్లబ్బుకు కొత్త సహస్రాబ్ది గుర్తుగా ఏదైనా పెద్ద పని చేయాలనిపించింది. ఆ పనేమిటో చెప్పింది సభ్యుల్లో ఒకరైన టామ్ హెండర్సన్. ఆయన నౌకాదళంలో గాలింపు, రక్షణ పనుల్లో డైవరుగా చేసి వచ్చినవారు. ఒక విపత్తు ప్రాంతంలో లారీ మీద నుంచి రొట్టెలు విసురుతుంటే బాధితులు నేల మీద పడి ఏరుకుంటున్న దృశ్యాన్ని టీవీలో చూసి, ఇదేం సాయం అని ఆయన బాధపడ్డారట. తిండి, మందులు ఇచ్చే సంస్థలు చాలానే ఉన్నాయి. తల దాచుకునే చోటును, దానితోపాటు నాలుగు రోజులు గడవడానికి కావలసిన సామానును ఒకేసారి చేతికందించేవారు తక్కువ. ఆయన ఆలోచన అక్కడి నుంచి సాగింది.

2001 జనవరి 26 ఉదయం గుజరాత్‌లోని కచ్ కంపించింది. దాదాపు 20 వేల మంది చనిపోయారు, భుజ్, భచావ్, అంజార్ పట్టణాలు నేలమట్టమయ్యాయి. ఏడాదైనా నిండని ఆ ప్రయత్నానికి అదే తొలి పరీక్ష. క్లబ్బు పంపిన పెట్టెలు 143. అంత పెద్ద విధ్వంసం ముందు అది లెక్కలోకి రాని సంఖ్యే. కాకపోతే, ఒక చిన్న ఊళ్లో సర్దిన పెట్టె ఖండాలు దాటి అవసరమున్న కుటుంబం చేతికి చేరగలదని రుజువైంది.

పెట్టెలో ఏముంటుంది

ఆకుపచ్చ రంగు గట్టి ప్లాస్టిక్ పెట్టె, బరువు 50 కిలోల పైమాటే. లోపల పదిమంది వరకు పట్టే టెంటు, దుప్పట్లు, నేల మీద పరిచే పట్టాలు, దోమతెరలు, నీళ్లు శుద్ధిచేసే సరంజామా, పొయ్యి, వంటగిన్నెలు, సుత్తి, రంపం, గొడ్డలి, పార వంటి పనిముట్లు ఉండేవి. పిల్లల కోసం బొమ్మల పుస్తకాలు, రంగు క్రేయాన్లు కూడా పెట్టేవారు. పెట్టె ఖాళీ అయ్యాక నీళ్లు పట్టుకోవడానికో, ధాన్యం దాచుకోవడానికో, పసిబిడ్డను పడుకోబెట్టడానికో పనికొచ్చేది. వెళ్లే చోటు చలిదా వేడిదా అన్నదాన్నిబట్టి సామాను కొంత మార్చేవారు.

సంస్థ నిలదొక్కుకోవడానికి సామాను కన్నా చందా అడిగిన పద్ధతే ఎక్కువ తోడ్పడిందని చెప్పాలి. తొలి దశాబ్దంలో పెట్టెకు 490 పౌండ్ల ధర కట్టారు. ఒక పెట్టె అంటే ఒక కుటుంబం. బడిపిల్లలైనా, మరో ఊరి రోటరీ క్లబ్బయినా "మేం ఒక పెట్టె పంపాం" అని చెప్పుకోవచ్చు. ప్రతి పెట్టెకూ ఒక నంబరు ఉండేది, అది ఏ దేశానికి వెళ్లిందో దాతలు తెలుసుకోగలిగేవారు. ఇచ్చిన సొమ్ము ఎటుపోయిందో తెలియక చందా పుస్తకం చూడగానే తప్పుకునేవారికి ఇది మంచి జవాబు. విపత్తు జరిగిన చోట స్థానిక రోటరీ సభ్యులు కస్టమ్స్ అనుమతులకూ రవాణాకూ సాయపడటం మరో బలం. కొత్తగా పుట్టిన సంస్థ ఏదీ డబ్బు పెట్టి అలాంటి పరిచయాలను సంపాదించుకోలేదు.

సునామీ తరువాత

2004 చివరి వరకు పంపినవి సుమారు 2,600 పెట్టెలు. ఆ డిసెంబరు 26న హిందూ మహాసముద్రపు సునామీ వచ్చింది. ఆ ఒక్క విపత్తుకే దాదాపు 22 వేల పెట్టెలు వెళ్లాయి. ఊరి క్లబ్బు పని ఆ దెబ్బతో అంతర్జాతీయ సంస్థగా మారిపోయింది. 2007లో నేటి రాణి కమిల్లా దీనికి అధ్యక్షురాలయ్యారు. 2010 జనవరిలో హైతీ భూకంపం వచ్చినప్పుడు సుమారు 28 వేల కుటుంబాలకు నివాసం కల్పించారు. శిక్షణ పొందిన వాలంటీర్లు స్వయంగా వెళ్లి పంచిపెట్టే ఏర్పాటు కూడా స్థిరపడింది. 2012లో హెండర్సన్ సంస్థను వీడారు. అదే ఏడాది రోటరీ ఇంటర్నేషనల్ దీన్ని అధికారికంగా భాగస్వామిగా చేర్చుకుంది.

అందరికీ ఒకే పెట్టె అన్న పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. బరువైన పెట్టెలను విమానంలో పంపడం ఖర్చుతో కూడిన పని. పైగా కూలిన ఇంటి కలప, రేకులు మిగిలి ఉన్నవారు టెంటు కన్నా ఆ ఇంటినే మళ్లీ నిలబెట్టుకోవడానికి ఇష్టపడతారు. అలాంటివారి కోసం టార్పాలిన్లు, తాళ్లు, పనిముట్లు మాత్రమే ఉన్న కిట్లు తయారుచేశారు. 2015 నేపాల్ భూకంపం తరువాత అక్కడి కొండ ఊళ్లకు ఇవి వెళ్లాయి. సిరియా, ఉక్రెయిన్ యుద్ధాల్లో నిరాశ్రయులైనవారికి పరుపులు, సౌరదీపాల వంటివి కూడా ఇచ్చారు. దాతలకు చూపడానికి పచ్చపెట్టె ఎంత బాగున్నా, దాన్ని పక్కన పెట్టడానికి వెనకాడకపోవడం మెచ్చుకోదగ్గది.

సంస్థ ప్రధాన కార్యాలయం ఇప్పుడు కార్న్‌వాల్‌లోనే ట్రూరో నగరంలో ఉంది. ఇంతవరకు 25 లక్షల మందికి పైగా దీని సాయం అందుకున్నారు.