శాసనసభ తేదీలు సరిచూసుకోవడం ఎలా?

చెన్నపట్నంలో స్థిరపడిన మన కుటుంబాల్లో తాతలో, ముత్తాతలో శాసనసభ్యులుగా పనిచేసిన ఇళ్లు ఉన్నాయి. వాళ్ల వివరాలు పట్టికల్లో వెతికేటప్పుడు పేరు కంటే ఎక్కువగా తికమక పెట్టేవి తేదీలే.

ఏ తేదీ దేనిది?

సభ కాలపరిమితి, సమావేశాలు, మంత్రివర్గం, సభ్యుడి పదవీకాలం నాలుగూ వేర్వేరు. టి. నగర్ పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా 1921 జూలై 11 నుంచి 1926 డిసెంబరు 3 వరకు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వాన్ని నడిపారు. మధ్యలో 1923లో ఎన్నికలు జరిగి కొత్త శాసన మండలి వచ్చింది. ఆయన తేదీలు మండలి తేదీలు కావు.

మొదలు ఎప్పుడు?

1919 చట్టం కింద ఏర్పడిన తొలి మండలి 1921 జనవరి 9న మొదటిసారి సమావేశమైంది. డ్యూక్ ఆఫ్ కనాట్ దాన్ని ప్రారంభించింది జనవరి 12న. గవర్నరు ప్రసంగం ఫిబ్రవరి 14న. పట్టికలో ‘ప్రారంభం’ అని ఉంటే ఈ మూడింటిలో ఏదో చూసుకోవాలి. నేటి రాజ్యాంగం 172వ అధికరణం ప్రకారం ఐదేళ్ల లెక్క తొలి సమావేశానికి నిర్ణయించిన తేదీ నుంచి మొదలవుతుంది.

ముగింపు ఎప్పుడు?

స్పీకరు సభను నిరవధికంగా వాయిదా వేసినంత మాత్రాన సమావేశాలు ముగిసినట్టు కాదు. గవర్నరు ప్రొరోగ్ చేస్తేనే ముగిసినట్టు. సభ రద్దు వేరే సంగతి.

మనవాళ్ల లెక్క

1952లో మద్రాసు శాసనసభలో 375 మంది సభ్యులు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, బళ్లారి ప్రాంతం మైసూరుకు వెళ్లాక 231 మంది మిగిలారు. ఆంధ్ర ప్రాంత సభ్యులు ఆ రోజు నుంచి ఆంధ్ర శాసనసభ సభ్యులు. మద్రాసు సభ మాత్రం 1957 ఎన్నికల దాకా సాగింది. అందుకే వారి పేరు పక్కన ‘మద్రాసు, 1952–57’ అని కనిపిస్తే అది సభ తేదీ, వారిది కాదు.

సరిచూసే పద్ధతి

1. ముగింపు తేదీ ప్రారంభం కంటే ముందు ఉండకూడదు.
2. సభ జరిగిన ప్రతి రోజూ ఆ సమావేశాల తేదీల మధ్యే ఉండాలి.
3. ఒక విడత చివరి రోజుకూ, తరువాతి విడత మొదటి రోజుకూ మధ్య ఆరు నెలలు దాటకూడదు (174వ అధికరణం). సభ రద్దయి ఉంటే ఇది వర్తించదు.
4. ముగియని సమావేశాలకు ముగింపు గడి ఖాళీగా ఉంచాలి. ఊహించి నింపకూడదు.
5. ఐదేళ్లు దాటితే వెంటనే తప్పని కొట్టేయకూడదు. 1955లో గెలిచిన ఆంధ్ర ప్రాంత సభ్యులకు 1957లో ఎన్నికలు లేవు. అప్పుడు తెలంగాణలోని 105 స్థానాలకే జరిగాయి. అందరి గడువూ 1962లో ముగిసింది. పట్టికలో ఏడేళ్లు కనిపించడం ఇక్కడ సరైనదే.

అనుమానం వస్తే ఆనాటి ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్, సభా చర్చల సంపుటాలు చూడాలి. ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో పాత ప్రభుత్వ రికార్డులు ఉన్నాయి. ఒక్క తేదీ తప్పు పడితే మన పెద్దల పేరు ఒక సభలో అదనంగా చేరుతుంది, మరో సభలో కనబడకుండా పోతుంది.