తండా తల్లికి దవాఖాన ఎంత దూరం?

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, ఉద్యమాలు అని మన పిల్లలు పాఠాల్లో చదువుతున్నారు. కాన్పులో ప్రాణం పోగొట్టుకున్న తల్లుల గురించి పాఠం లేదు. సిద్దిపేట జిల్లా తండాల్లో, ఎరుకల వాడల్లో పెద్దవాళ్లను అడిగితే అలా పోయిన అక్కో, వదినో, చిన్నమ్మో గుర్తుకొస్తారు. వాళ్లకు ఏమైందో, ఏ సాయం అందలేదో మనం రాసిపెట్టుకోలేదు. బడిపంతుళ్లమైన మేము ఆ చరిత్రను దూరం లెక్కలో చెప్పదలచుకున్నాం.

లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊళ్లు తిరిగిన కాలంలో కాన్పులు ఆ బాటలోనే జరిగేవి. తండాలు స్థిరపడ్డాక కూడా పురుడు పోసింది అనుభవమున్న ముసలమ్మలే. మామూలు కాన్పును వాళ్లు నేర్పుగా చేసేవారు. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ పడక రక్తం ఆగకపోయినా, గర్భిణికి ఫిట్స్ వచ్చినా వాళ్ల చేతిలో ఉపాయం ఉండేది కాదు. అది వాళ్ల తప్పు కాదు. రక్తం ఎక్కించడం, ఆపరేషన్ చేయడం దవాఖానలోనే అయ్యే పనులు. ఆ దవాఖాన దగ్గర లేకపోవడమే అసలు కథ.

మన దేశంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఏర్పాటు 1952 అక్టోబర్ 2న సామాజిక వికాస పథకంతో పాటు మొదలైంది. తర్వాత జనాభాను బట్టి కొలతలు పెట్టారు. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ఆరోగ్య కేంద్రం. కొండ, గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక ఉపకేంద్రం, 20,000 మందికి ఒక ఆరోగ్య కేంద్రం. ఇక్కడొక మెలిక ఉంది. సిద్దిపేట షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారాల్లో ఉన్నట్టు ఇక్కడ ఐటీడీఏ లేదు. కాబట్టి అక్కన్నపేట, హుస్నాబాద్ వైపు తండాల్లో ఉన్నవాళ్లు గిరిజనులే అయినా, దవాఖాన లెక్కలో మైదానం వాళ్లయ్యారు.

జిల్లా కేంద్రం కూడా దూరమే. 2016 అక్టోబర్ 11న సిద్దిపేట జిల్లా ఏర్పడే దాకా ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం మెదక్ జిల్లాలో ఉండేది. ఆ జిల్లా కేంద్రం సంగారెడ్డి. హుస్నాబాద్ వాళ్లకు కరీంనగర్. కాన్పు కష్టమైతే సిద్దిపేట నుంచి సుమారు వంద కిలోమీటర్లు హైదరాబాద్‌కు పంపేవారు. రాత్రిపూట బండి దొరకాలి, చేతిలో డబ్బుండాలి, వెంట వచ్చే మనిషి ఉండాలి.

1994లో సెరీన్ తద్దేయస్, డెబోరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు తల్లుల మరణాల వెనుక మూడు ఆలస్యాలు ఉన్నాయని చెప్పారు. దవాఖానకు పోదామని నిర్ణయించడంలో ఆలస్యం మొదటిది. అక్కడికి చేరడంలో ఆలస్యం రెండోది. చేరాక వైద్యం అందడంలో ఆలస్యం మూడోది. మన తండాల గతాన్ని ఈ మూడింటితో కొలిచి చూస్తే ఎక్కడ ప్రాణం జారిపోయిందో తెలుస్తుంది.

రెండో ఆలస్యం ఈ ఇరవై ఏళ్లలో బాగా తగ్గింది. 2005లో 108 అంబులెన్స్ వచ్చింది. అదే ఏడాది జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశ కార్యకర్తల వ్యవస్థకు పునాది పడింది. 2011లో ప్రభుత్వ దవాఖానలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, రవాణా ఉచితం చేస్తూ జననీ శిశు సురక్ష కార్యక్రమం మొదలైంది. 2015లో ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణులకు పూట భోజనం, పాలు, గుడ్డు పెట్టసాగారు. 2017లో కేసీఆర్ కిట్, 2018లో సిద్దిపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాయి. 2004–06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 154 మంది తల్లులు చనిపోతే, 2018–20 నాటికి తెలంగాణలో ఆ సంఖ్య 43. ఇది చిన్న మార్పు కాదు. అయితే ఆ 43లో తండా తల్లులు ఎందరో ఆ లెక్క వేరుగా చెప్పదు.

మూడో ఆలస్యం సంగతి చూద్దాం. గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడాన్ని మన పెద్దలు గుర్రపువాతం అనేవారు. గాలి సోకిందని తాయెత్తు కట్టేవారు. 33 దేశాల్లో దాదాపు పదివేల మంది స్త్రీలతో జరిగిన ఒక పరీక్ష ఫలితం 2002లో వచ్చింది. మెగ్నీషియం సల్ఫేట్ అనే చవకైన ఇంజెక్షన్ ఇస్తే ఫిట్స్ వచ్చే ముప్పు సగానికి తగ్గుతుందని తేలింది. మందు ఉంది. బీపీ పెరిగిందని ముందే తెలియాలి, అంతే.

అందుకే 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్‌లో ప్రతి నెల 9న గర్భిణులను డాక్టర్ పరీక్షిస్తారు. ముప్పు ఉన్న తల్లి కార్డు మీద ఎర్ర స్టిక్కర్ అంటిస్తారు. బీపీ 140/90కి చేరినా, హిమోగ్లోబిన్ 7 గ్రాముల కన్నా తగ్గినా, కవలలున్నా, షుగర్ ఉన్నా, ముందు ఆపరేషన్ కాన్పు అయి ఉన్నా జాగ్రత్త అవసరం. ఈ చివరిది తెలంగాణకు కొత్త ముప్పు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. అవసరమైన ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది. అవసరం లేనిది తర్వాతి కాన్పుకు ముప్పు తెస్తుంది.

ఇక మొదటి ఆలస్యం. అది ఇంట్లో ఉంటుంది. రోడ్డు వేసినా, అంబులెన్స్ వచ్చినా, పోదామని చెప్పాల్సింది అత్తా, మగడూ. కడుపుతో ఉన్న ఆ పిల్ల మాట ఎవరు అడుగుతారు? పదహారేళ్లకే పెళ్లయిన పిల్లకు ఆ గొంతు ఉండదు, ఒంట్లో రక్తమూ చాలదు. 2014లో వచ్చిన కల్యాణలక్ష్మి పెళ్లికూతురికి 18 ఏళ్లు నిండాలని షరతు పెట్టింది. ఆ షరతుకు అసలు బలం మన బడి. పదో తరగతి తర్వాత అమ్మాయి చదువు ఆగకుండా చూసిన ప్రతి టీచరూ ఒక ముప్పు కాన్పును తప్పించినట్టే.

యువతకు మా మాట ఒకటుంది. మీ యాడిని, నానమ్మను కూర్చోబెట్టి అడగండి. ఆమెకు ఎన్ని కాన్పులు, ఎక్కడ, ఎవరు చేశారు, ఎందరు బిడ్డలు బతికారు, తండాలో కాన్పులో పోయిందెవరు, ఆ రాత్రి బండి ఎందుకు దొరకలేదు? నోటుబుక్కులో రాయండి. పక్కనే ఈ ఏడాది మీ తండాలో ఎర్ర స్టిక్కరు ఉన్న తల్లులెందరో ఆశ అక్కను అడిగి, పేర్లు లేకుండా ఆ సంఖ్య రాయండి. నెలలు నిండేలోపు ఏ దవాఖానకు పోవాలో, ఏ బండిలో పోవాలో, రక్తం ఎవరిస్తారో ఆ ఇంటివాళ్లతో ముందే మాట్లాడండి. మొదటి పేజీ మన చరిత్ర. రెండో పేజీలోని తల్లులు ఇంకా మన మధ్యనే ఉన్నారు.